నమూనా లేని బొంత: కుట్టే మధ్యలో వచ్చే చిక్కులు, వాటిని విడదీసే తీరు

ముందుగా గీసుకున్న నమూనా ఏదీ లేకుండా, చేతికి అందిన ముక్కను పక్క ముక్కతో అతుకుతూ పోయే బొంతలో మొదటి రెండు మూడు రోజులు హాయిగా గడుస్తాయి. ఆ తరువాత ఒక దశ తప్పకుండా వస్తుంది. ముక్కలు కలిపి కుట్టిన బ్లాకులు ఎనిమిదో పదో గోడ మీద ఉంటాయి. విడివిడిగా చూస్తే ప్రతిదీ బాగానే ఉంటుంది, కలిపి చూస్తే మాత్రం గుడ్డల కుప్పలా కనిపిస్తుంది, పైగా ఏ రెండింటి కొలతలూ కలవవు. చాలామంది బొంతను మడిచి పెట్టెలో పెట్టేసేది ఇక్కడే. ఆ దశలో చేయవలసిన మొదటి పని, చిక్కు ఏ జాతిదో గుర్తుపట్టడం. నా అనుభవంలో అది నాలుగు రకాల్లో ఒకటై ఉంటుంది: ముదురుకూ లేతకూ మధ్య తేడా చాలకపోవడం, ముక్కలన్నీ ఒకే పరిమాణంలో ఉండటం, కన్ను కాసేపు ఆగే ఖాళీ చోటు లేకపోవడం, కొలతలు కుదరకపోవడం. వీటిలో దేనికోసమూ కుట్లు విప్పుకుంటూ వెనక్కి వెళ్లనక్కరలేదు. కుట్టినదాన్నే కత్తిరించి ముందుకు సాగడానికి ఈ రకం బొంత వీలిస్తుంది.

మొదట రెండు మూడు కట్టుబాట్లు

నమూనా వద్దనుకున్నవాళ్లకు నియమాలు మరీ అవసరం. అన్ని రంగులూ, అన్ని ఆకారాలూ, అన్ని కొలతలూ అందుబాటులో ఉంచుకుంటే ప్రతి అతుకు దగ్గరా వంద ప్రశ్నలు పుడతాయి, పని సాగదు. అందుకని గుడ్డల విషయంలో ఒకటి, ఆకారాల విషయంలో ఒకటి, చాలా అయితే పరిమాణం విషయంలో ఇంకొకటి నియమంగా పెట్టుకోవాలి. ఉదాహరణకు, "ఐదు రంగులే వాడతాను, పీలికలూ చతురస్రాలూ తప్ప వేరే ఆకారం కోయను" అన్నది చక్కటి నియమం. దాన్ని కాగితం మీద రాసి కుట్టుమిషను దగ్గర అంటించుకుంటే ఇంకా మంచిది, ఎందుకంటే మూడో రోజుకు మనకే గుర్తుండదు.

పరిమితి ఎంత మేలు చేస్తుందో అమెరికాలోని అలబామా రాష్ట్రంలో, నది వంపులో ఉన్న గీస్ బెండ్ గ్రామం బొంతలను చూస్తే తెలుస్తుంది. అక్కడి నల్లజాతి మహిళలు అరిగిన పొలం బట్టలనూ మిగిలిన ముక్కలనూ చేర్చి తరతరాలుగా బొంతలు కుడుతూ వచ్చారు. 2002లో హ్యూస్టన్ లలితకళల మ్యూజియంలో మొదలై న్యూయార్క్‌కు వెళ్లిన ప్రదర్శనతో ఆ బొంతలకు విస్తృతమైన పేరు వచ్చింది. 1972లో అక్కడి మహిళల కుట్టు సహకార సంఘానికి సియర్స్ అనే దుకాణాల సంస్థ నుంచి కార్డురాయ్ (చారలుగా నూగు నిలిచిన మందపాటి గుడ్డ) దిండు గలీబులు కుట్టే పని దొరికింది. ఆ పనిలో మిగిలిన ముక్కలు ఇళ్లకు చేరాయి. బంగారు రంగు, చెర్రీ ఎరుపు, అవకాడో ఆకుపచ్చ వంటి కొద్దిపాటి రంగులు, వంపుగా కోయడానికి ఏమాత్రం అనుకూలించని మందపాటి గుడ్డ: ఈ రెండు పరిమితుల వల్లనే కాబోలు, ఆ కార్డురాయ్ బొంతల్లో వెడల్పాటి పట్టీలు, పెద్ద ఆకారాలు, ధైర్యమైన ఖాళీలు కనిపిస్తాయి. ఎంపిక తగ్గినకొద్దీ కూర్పు మీద దృష్టి పెరుగుతుందని చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు తెలియదు.

ఇక్కడే ఒక లెక్క మనసులో పెట్టుకోవాలి. ప్రతి అతుకూ రెండు వైపులా పావు అంగుళం చొప్పున, అంటే మొత్తం అర అంగుళం గుడ్డను మింగేస్తుంది. 2 అంగుళాల పీలికలు 20 పక్కపక్కన కుడితే 40 అంగుళాలు వస్తాయనుకుంటాం. మధ్యలో 19 అతుకులు ఉంటాయి కాబట్టి చివరికి చేతికి వచ్చేది 30½ అంగుళాలే. సన్నని పీలికలతో పెద్ద బొంత కుట్టబోయేవాళ్లు గుడ్డ చాలక మధ్యలో ఆగిపోవడానికి కారణం ఎక్కువగా ఇదే.

దూరం నుంచి చూడటం

బల్ల మీద, ఒళ్లో, మంచం మీద పరిచి చూసిన బొంత నిజం చెప్పదు. దగ్గర అంచు పెద్దగా, దూరపు అంచు చిన్నగా కనబడి కూర్పు తప్పుగా తోస్తుంది. గోడకు ఒక ఫ్లానెల్ గుడ్డనో పాత దూది దుప్పటినో బిగించుకుంటే, నూలు ముక్కలు పిన్నులు లేకుండానే దానికి అతుక్కుని నిలుస్తాయి; బరువైన బ్లాకులకు మాత్రం గుండుసూది గుచ్చాలి. గోడ మీద అమర్చాక కనీసం పది అడుగులు వెనక్కి వెళ్లి చూడాలి. అంత చోటు లేని గదిలో ఫోనుతో ఫొటో తీసి చిన్నదిగా చూసినా అదే ఫలితం వస్తుంది.

ఈ ఫొటోను మూడు రకాలుగా ప్రశ్నించవచ్చు. నలుపు తెలుపులోకి మార్చి చూస్తే ముదురు లేతల పంపిణీ బయటపడుతుంది. తలకిందులు చేసి చూస్తే బరువంతా ఒక మూలకు ఒరిగిందా అన్నది తెలుస్తుంది. వేలితో ఒక బ్లాకును కప్పి చూస్తే, అది లేకుండా మిగతాది బాగుపడిందో పాడైందో అర్థమవుతుంది. మూడో పరీక్షలో నాకు తరచుగా ఎదురైన చేదు నిజం ఏమిటంటే, తీసేయవలసిన బ్లాకు దాదాపు ఎప్పుడూ నేను ఎక్కువ ముచ్చటపడి కుట్టినదే అవుతుంది. దాన్ని పారేయనక్కరలేదు, వెనక వేసే అడుగు గుడ్డలో అతికినా, మరో బొంతకు మొదటి ముక్కగా దాచినా సరిపోతుంది.

చూసిన వెంటనే మార్పులు మొదలుపెట్టకుండా ఒక రాత్రి ఆగడం మంచిది. మరుసటి రోజు ఉదయం గదిలోకి అడుగుపెట్టిన మొదటి క్షణంలో కన్ను ఎక్కడికి పోయిందో గమనించి, ఆ ఒక్క చోటునే ముందు సరిచేయాలి.

రంగు కాదు, ముదురు లేతలు

"ఈ రంగులు కలవడం లేదు" అనిపించిన పది సందర్భాల్లో ఎనిమిదింట అసలు దోషం రంగులది కాదని నా అభిప్రాయం. ఒకే ముదురుతనం ఉన్న ఎరుపు, ఆకుపచ్చ పక్కపక్కన ఉంటే రంగులు ఎంత వేరైనా దూరం నుంచి ఆకారం కరిగిపోతుంది. ఒకే నీలంలో లేతదీ ముదురుదీ పక్కన చేరిస్తే గది అవతలి నుంచి కూడా గీత గీసినట్టు కనబడుతుంది. ఆకారాన్ని చూపేది ముదురు లేతల తేడా. రంగు దాని మీద భావాన్ని చేరుస్తుంది.

కాబట్టి కత్తెర పట్టకముందే గుడ్డలన్నిటినీ లేత, మధ్యస్థం, ముదురు అని మూడు కుప్పలుగా పోయాలి. కళ్లు సగం మూసి చూస్తే తేడా తేలిగ్గా తెలుస్తుంది. ఇలా పోసినప్పుడు మధ్యస్థపు కుప్ప కొండలా, మిగతా రెండూ పిడికెడుగా తేలడం మామూలే, ఎందుకంటే గుడ్డను విడిగా చూసి ముచ్చటపడేటప్పుడు మనకు నచ్చేవి ఎక్కువగా మధ్యస్థపు రంగులే. బొంత మొత్తం మసకగా, పొగ కమ్మినట్టు ఉందనిపిస్తే దానికి మందు ఈ కుప్పల్లోనే ఉంది: బాగా లేతవో బాగా ముదురువో కొన్ని పీలికలు తెచ్చి గోడ మీద బ్లాకుల మధ్య ఊరికే ఆనించి చూడాలి. నాలుగైదు సన్నని ముదురు గీతలతోనే కూర్పు నిలబడటం చాలాసార్లు చూశాను.

పెద్ద పూల అచ్చు గుడ్డల విషయంలో ఒక జాగ్రత్త అవసరం. ఒకే గుడ్డలో తెల్లని పువ్వూ నల్లని నేలా ఉంటే, దాన్ని కోసినప్పుడు ఒక ముక్క లేతగా, ఇంకొకటి ముదురుగా వస్తుంది. అలాంటి ముక్క పక్క గుడ్డతో కలిసే చోట అంచు ఒక దగ్గర కనబడి, ఇంకో దగ్గర మాయమవుతుంది. అది కావాలని చేస్తే అందమే. ఆకారం స్పష్టంగా కావలసిన చోట మాత్రం అచ్చులేని గుడ్డను, లేదా దూరానికి ఒకే రంగుగా తోచే చిన్న చుక్కల గుడ్డను వాడాలి.

ఒక్క ముక్క మాత్రమే అరుస్తున్నట్టు కనబడితే, అంటే బూడిద, నీలాల మధ్య ఒకే ఒక నారింజ చతురస్రం ఉంటే, రెండు దారులున్నాయి. దాన్నే బొంతకు కేంద్రంగా ఒప్పుకుని చుట్టుపక్కల మరింత నిశ్శబ్దం చేయడం ఒకటి. అదే రంగును ఇంకో రెండు మూడు చోట్ల, వేరు వేరు మోతాదుల్లో, ఒకచోట సన్నని పీలికగా, ఇంకోచోట గోరంత ముక్కగా చల్లడం రెండోది. రెండో దారి పట్టినవాళ్లు నాలుగు మూలల్లోనూ సమానంగా పెట్టే పొరపాటు చేస్తారు; అప్పుడు కన్ను బొంతంతా తిరగకుండా మూలలను లెక్కపెడుతుంది.

అన్నీ ఒకే కొలతలో ఉంటే

చేతికి ఒక అలవాటు ఉంటుంది. కొలబద్ద లేకుండా కోసినా మన పీలికలన్నీ రెండు అంగుళాల చుట్టూనే తిరుగుతాయి, మన బ్లాకులన్నీ జానెడు దగ్గర ఆగుతాయి. ఫలితంగా నమూనా లేని బొంత నమూనా ఉన్నదానికన్నా విసుగ్గా తయారవుతుంది. దీన్ని సరిచేయడానికి సులభమైన పద్ధతి, ఉన్న బ్లాకుల్లో ఒకదాన్ని నిర్దాక్షిణ్యంగా నాలుగు ముక్కలు కోసి దూరదూరంగా వేయడం, ఇంకోదానికి చుట్టూ వెడల్పాటి పట్టీలు వేసి రెట్టింపు చేయడం. గీస్ బెండ్‌లో "హౌస్‌టాప్" అని పిలిచే కూర్పు ఇలా పెరిగేదే: మధ్యలో ఒక ముక్క, దాని చుట్టూ వరుసగా పట్టీలు. ప్రతి చుట్టులోనూ ఒక్కో వైపుకు పట్టీ వెడల్పు మార్చుకుంటూ పోతే మధ్య ముక్క తనంతట తానే ఒక పక్కకు జరుగుతుంది.

ఖాళీ చోటు గురించి కూడా ఇక్కడే చెప్పాలి. అంగుళం అంగుళంలోనూ అతుకులున్న బొంతలో కన్ను ఎక్కడా ఆగదు. ఒకే గుడ్డ నుంచి కోసిన రెండు చేతుల వెడల్పు ముక్కను, ఏ అలంకారమూ లేకుండా, ఒక అతుకుల బ్లాకు పక్కన పెట్టి చూడండి. ఆ బ్లాకు అప్పటిదాకా లేని తీరుగా కనబడుతుంది. గుడ్డ వృథా చేస్తున్నామేమోనన్న సంకోచం మొదట్లో ఉంటుంది గానీ, నా లెక్కలో బొంతకు అన్నిటికన్నా ఎక్కువ పనిచేసేది ఆ ముక్కే.

కోసి, మధ్యలో పట్టీ పెట్టి, మళ్లీ కుట్టడం

నచ్చని బ్లాకును విప్పకుండా మార్చే ఉపాయం ఇది. బ్లాకును ఈ కొస నుంచి ఆ కొసకు, నిటారుగానో ఏటవాలుగానో ఒక గీతగా కోసి, మధ్యలో వేరే రంగు పట్టీ పెట్టి రెండు వైపులా కుట్టాలి. పట్టీని 1 అంగుళం వెడల్పుతో కోస్తే బ్లాకు కొలత మారదు, ఎందుకంటే రెండు కొత్త అతుకులు మింగే గుడ్డ కూడా సరిగ్గా 1 అంగుళమే. బయటికి కనబడే గీత అర అంగుళం ఉంటుంది. పట్టీని 1½ అంగుళాలుగా కోస్తే బ్లాకు అర అంగుళం పెరుగుతుంది, గీత అంగుళం వెడల్పుగా కనబడుతుంది. ఈ లెక్క తెలిస్తే పొట్టి బ్లాకును పొడవు చేయడానికీ ఇదే పద్ధతి పనికొస్తుంది.

ఏటవాలుగా కోసినప్పుడు ఒక విచిత్రం జరుగుతుంది. బ్లాకులోని పాత గీతలు పట్టీకి రెండు వైపులా ఒకదానికొకటి సూటిగా కలవక, కాస్త జరిగినట్టు కనబడతాయి. ఆ జరుగుడు నచ్చితే వదిలేయవచ్చు. నచ్చకపోతే రెండో వైపు కుట్టే ముందు, మొదటి సగంలోని గీతను పట్టీ మీదుగా కొలబద్దతో పొడిగించి, పట్టీ అవతలి అంచు మీద సుద్దతో గుర్తు పెట్టి, రెండో సగాన్ని ఆ గుర్తుకు జరిపి పిన్ను పెట్టాలి. చివర్లలో మిగిలే మెట్టును తరువాత కత్తిరించి సాపు చేసుకోవాలి.

ఇలా మళ్లీ మళ్లీ కోసే బొంతలో కుట్టు పొడవు మామూలుకన్నా తగ్గించుకోవాలి. మిషను మీద సాధారణంగా ఉండే 2.5 మిల్లీమీటర్ల కుట్టును 2 మిల్లీమీటర్లకు మార్చితే చాలు. కోసిన ప్రతిసారీ పాత కుట్ల మధ్యలోంచి కత్తి పోతుంది, అక్కడ ముడి ఉండదు. కుట్టు పొడవుగా ఉంటే గుడ్డను పట్టుకున్నప్పుడే అంచు విచ్చుకుంటుంది. అతుకుల మీద అతుకులు పడే చోట లోపలి అంచులను ఒక వైపుకు మడవకుండా రెండు వైపులకూ విప్పి ఇస్త్రీ చేస్తే మందం పంచుకుంటుంది, సూది విరగదు.

కొలతలు కలపడం

చాలామందిని భయపెట్టే ఘట్టం ఇది, కాని దీనికి కావలసింది కూడికలూ తీసివేతలే. ముందుగా గోడ మీది అమరికను ఫొటో తీసి, ప్రతి బ్లాకుకూ ఒక చీటీ గుచ్చి దాని కొలత రాయాలి. ఆ తరువాత మొత్తం బొంతను ఒక్క గుడ్డగా ఊహించకుండా నాలుగైదు పెద్ద పలకలుగా విడగొట్టుకోవాలి. ప్రతి పలకా పక్క పలకతో ఒకే తిన్నని కుట్టుతో కలిసేలా ఉండాలన్నది ఒక్కటే షరతు. పలక లోపల ఏ గజిబిజి ఉన్నా ఫరవాలేదు.

పలకలో ఒక బ్లాకు 11 అంగుళాల ఎత్తు, దాని పక్కది 14 అంగుళాల ఎత్తు ఉన్నాయనుకుందాం. పొట్టిదానికి ఒకవైపు పట్టీ వేయాలంటే లోటైన 3 అంగుళాలకు అతుకు మింగే అర అంగుళం కలిపి 3½ అంగుళాల పట్టీ కోయాలి. పైనా కిందా రెండు పట్టీలు వేయదలిస్తే రెండు అతుకులు పడతాయి కాబట్టి రెంటి వెడల్పూ కలిపి 4 అంగుళాలు ఉండాలి. వాటిని సమానంగా కాకుండా 1¼, 2¾గా పంచితే పూరకం పూరకంలా కనబడదు. నా మటుకు నేను లెక్కకన్నా మరో అర అంగుళం ఎక్కువే కోసి, కుట్టి ఇస్త్రీ చేశాక అంచు కత్తిరిస్తాను. లోటు మరీ ఎక్కువగా ఉంటే ఒంటి రంగు పట్టీకి బదులు, మిగిలిన పీలికలన్నీ వరుసగా అతికిన పట్టీ ఒకటి ముందే కుట్టి ఉంచుకోవడం మంచిది. ఎక్కడ కావలిస్తే అక్కడ తెంపి వాడుకోవచ్చు.

అంచులు వంకరగా ఉన్న రెండు బ్లాకులను కలపడానికి వేరే దారి ఉంది. రెంటినీ మంచి వైపు పైకి ఉండేలా పరిచి, ఒకదాని అంచు రెండోదాని మీద 1½ అంగుళాల మేర ఎక్కేలా పెట్టి, రెండు పొరలూ తెగేలా రోటరీ కట్టర్‌తో, అంటే చక్రంలా తిరిగే కత్తితో, ఒక మెల్లని వంపు కోయాలి. పైనుంచి ఒకటి, కిందనుంచి ఒకటి తెగిపడిన సన్నని ముక్కలను తీసేస్తే రెండు అంచులూ ఒకే వంపులో మిగులుతాయి. కుట్టేటప్పుడు లోపలికి వంగిన అంచును పైన ఉంచుకుని, ఒకేసారి మొత్తం పిన్నులు పెట్టకుండా, రెండు మూడు అంగుళాల చొప్పున కలుపుకుంటూ మెల్లగా పోవాలి. వంపు మరీ లోతైతే గుడ్డ ముడతపడుతుంది. కొండవాలులా కాకుండా చెరువుగట్టులా సాగే వంపు చాలు.

ఒక ముక్క చుట్టూ నాలుగు పట్టీలు గాలిమరలా తిరిగే అమరిక వచ్చినప్పుడు, మొదటి పట్టీని ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక తికమక పడతాం. దానికి సగం కుట్టు ఉపాయం. మొదటి పట్టీని మధ్య ముక్కకు సగం వరకే కుట్టి వదిలేయాలి. మొదటి పట్టీ కుట్టిన కొస మధ్య ముక్కతో సమంగా కలిసే వైపున రెండో పట్టీని, ఆ తరువాత చుట్టూ అదే దిశలో మూడో, నాలుగో పట్టీలను పూర్తిగా కుట్టాలి. చివర వెనక్కి వచ్చి మొదటి పట్టీలో మిగిలిన సగం పూర్తి చేస్తే లోపలి మూల దగ్గర పడే ఇబ్బంది ఏదీ ఉండదు.

ఉబ్బులు, అలలు

కొలబద్ద లేకుండా కోసిన ముక్కల్లో చాలా అంచులు పడుగు వెంట గానీ పేక వెంట గానీ ఉండవు, ఐమూలగా ఉంటాయి. ఐమూల అంచు చేతిలోనే సాగుతుంది. అలాంటి ముక్కలున్న గుడ్డను కోయకముందే గంజి పెట్టి ఇస్త్రీ చేస్తే కాగితంలా నిలుస్తుంది. ఇస్త్రీపెట్టెను జరపకుండా పైకెత్తి మోపుతూ పోవాలి, జరిపితే సాగదీసినట్టే. ఐమూల అంచు పలకకు బయటి వైపు పడితే, అంచు నుంచి 3 మిల్లీమీటర్ల లోపల ఒక కుట్టు వేసి ఉంచాలి, అది తరువాతి అతుకులో కలిసిపోతుంది.

అప్పటికే ఉబ్బిన బ్లాకును నేల మీద పరిచి, చేత్తో మధ్య నుంచి అంచుకు తోస్తూ వస్తే అదనపు గుడ్డంతా ఒక మడతగా చేరుతుంది. ఆ మడత ఉన్నచోట జాకెట్టుకు వేసినట్టు ఒక డాట్ వేసేయవచ్చు, లేదా ఆ మడతను కోసి తీసేసి అక్కడ సన్నని పట్టీ పెట్టవచ్చు. నమూనా లేని బొంతలో అదనపు గీత ఎవరికీ తప్పుగా తోచదు.

చుట్టూ అంచు పట్టీలు వేసేటప్పుడు బొంత అంచును కొలవకూడదు, అది సాగి ఉంటుంది. బొంత మధ్యలో అడ్డంగా, నిలువుగా కొలిచి, ఆ కొలతకు పట్టీ కోసి, అంచును దానికి సరిపెట్టి పిన్నులు పెట్టి కుట్టాలి. అంచు నిడివికి పట్టీ కోసినవాళ్ల బొంతలు తడి అప్పడంలా అలలు తేలతాయి. నా మొదటి రెండు బొంతలూ అలాంటివే.

పైపొర ముగిశాక మిగిలేవి

ఎక్కడ ఆపాలన్న ప్రశ్నకు నేను వాడే పరీక్ష ఒకటే: ఇంకో ముక్క చేర్చి ఫొటో తీసి, చేర్చకముందు తీసిన ఫొటోతో పోల్చినప్పుడు తేడా వెతుక్కోవలసి వస్తే, ఆ ముక్క అక్కరలేదు. రెండు అట్టముక్కలను ఎల్ ఆకారంలో కోసి ఫొటో మీద చట్రంలా జరుపుతూ చూస్తే, బొంతను ఒక వైపు ఆరు అంగుళాలు కోసేస్తే బాగుండునని కూడా ఒక్కోసారి తెలుస్తుంది. బయటి అంచుల్లో ఆకారాలు మధ్యలో తెగినా భయపడనక్కరలేదు. తెగిన ఆకారం బొంత అవతలికి సాగుతున్నట్టు కనబడుతుంది.

పైపొర, మధ్యలో మెత్తని పొర, అడుగు గుడ్డ, ఈ మూడు పొరలనూ కలిపి కుట్టే కుట్టు కూడా కూర్పులో భాగమే. పైపొర గజిబిజిగా ఉంటే రెండు అంగుళాల ఎడంతో నిటారు గీతలుగా కుట్టడం దాన్ని శాంతపరుస్తుంది. వెడల్పాటి ఖాళీలున్న బొంతలో ఆ ఖాళీల్లోనే వంపుల కుట్టుకు చోటు దొరుకుతుంది. గీతలను అతుకుల వెంట పోనివ్వకుండా వాటిని దాటించి కుడితే, వేరువేరుగా తోచిన పలకలు ఒక్కటవుతాయి. డాట్‌తో పోని కొద్దిపాటి ఉబ్బు మిగిలితే మధ్యలో పలచని నూలు పొరకు బదులు కాస్త ఎత్తుగా నిలిచే ఉన్ని పొర వేయాలి, ఆ అదనపు గుడ్డను అది తనలో కలుపుకుంటుంది. కుట్టు గీతల మధ్య గరిష్ఠంగా ఎంత ఎడం ఉండవచ్చో పొర అమ్మే సంచి మీద ముద్రించి ఉంటుంది, దాన్ని మించకూడదు. అడుగు గుడ్డనూ మధ్య పొరనూ పైపొరకన్నా ప్రతి వైపూ 3, 4 అంగుళాలు పెద్దవిగా కోసి, మధ్య నుంచి బయటికి నాలుగేసి అంగుళాలకు ఒక పిన్ను చొప్పున బిగించాకే మిషను కిందికి తీసుకువెళ్లాలి.